పులావ్ ఉబిన్ దీవిలో హార్న్‌బిల్ గూటి దగ్గర

వైటూకే పుణ్యమా అని నాలాంటి వాళ్ళను కూడా సింగపూరు పిలిచి ఉద్యోగాలిచ్చిన రోజులవి. క్లెమెంటిలో పదకొండో అంతస్తులో అద్దె ఫ్లాట్. నెల్లూరులో జువాలజీ లెక్చరర్‌గా ఉన్న నా భార్య శైలజ, కాలేజీకి సెలవు పెట్టి నాతో వచ్చింది. ఏడు నెలలు ఆ ఇంట్లో పగలంతా ఒక్కతే ఉంది. ఒక శనివారం అన్నం వడ్డిస్తూ, "నెలాఖరుకి సెలవైపోతుందండీ. నేను వెళ్ళిపోతాను" అంది. ఎలాగైనా మనసు మార్చాలని, పక్షులను చూపిస్తానంటూ మర్నాడే పులావ్ ఉబిన్ దీవికి బయల్దేరదీశాను.

పొద్దున ఆరున్నరకి రైలెక్కి తానా మేరాలో దిగాం. అక్కణ్ణుంచి రెండో నంబరు బస్సులో చాంగీ విలేజ్. పడవ పన్నెండు మంది నిండితేగాని కదలదు. అప్పట్లో మనిషికి రెండు డాలర్లు. మా మాటలు విని ఒక పెద్దాయన పలకరించాడు. పేరు అప్పలస్వామి, మలేషియాలో పుట్టిన తెలుగాయన, సింగపూరులోనే పాసిర్ రిస్‌లో కాపురం. ఆదివారమొస్తే హార్న్‌బిల్ గూడు చూడ్డానికి వెళ్తాడట.

"మక్కన్ తెచ్చుకున్నారా అమ్మా? అక్కడ శానాసేపు కూకోవాల."

"పులిహోర ఉంది అంకుల్" అని శైలజ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో!

దీవిలో దిగి అరగంట మట్టిదారిన నడిచాక ఆయన ఒక పెద్ద చెట్టు తొర్ర చూపించాడు. నేను కెమెరాతో సరాసరి దాని కిందికే పోయాను.

"ఇటు రా బాబూ! నువ్వక్కడుంటే మొగపిట్ట రాదు లా. లోపల తల్లీ పిల్లలూ పస్తుంటారు!" అని, మాట చివర అక్కడివాళ్ళలా 'లా' తగిలించి కసిరాడు అంకుల్.

సిగ్గుపడి వెనక్కొచ్చి పొదల చాటున కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి చేటతో విసిరినట్టు రెక్కల చప్పుడైంది. నల్లటి ఒళ్ళు, తెల్లటి పొట్ట, పెద్ద పసుపుపచ్చ ముక్కు, దాని మీద ఇంకో ముక్కు పెట్టినట్టు బుడిపె. గొంతులోంచి మేడిపండ్లు ఒక్కొక్కటే తీసి, తొర్రకున్న సన్నటి చీలికలోంచి అందించింది. లోపలి నుంచి ఆడపక్షి ముక్కు కొస మాత్రమే కనిపించింది.

"రెండేళ్ళుగా చూస్తన్నాను. ఆ తొర్రకి గోడెవరు కట్టారమ్మా?" అన్నాడు అంకుల్.

శైలజ మొదలుపెట్టింది. ఆడపక్షి గుడ్లు పెట్టడానికి తొర్రలో దూరి, మట్టి, రెట్ట కలిపి లోపలి నుంచి తనే మూసుకుంటుందనీ, వారాల తరబడి మొగపక్షే మేపుతుందనీ పది నిమిషాలు చెప్పింది. అంకుల్ చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు. నేను ఊరుకోవచ్చుగా!

"చూశావా, మొగుడు తెచ్చిపెడుతుంటే కూర్చుని తినడం ఎంత హాయో!" అన్నాను.

శైలజ నా వైపు తిరిగింది. "ఆ గోడ అది కట్టుకున్నదండీ. బయటికి రావాలనుకున్న రోజున అదే పగలగొట్టుకుంటుంది."

అంకుల్ తల దించుకున్నాడు. తిరుగు పడవలో, తను ఇంటికి వెళ్ళే విమానం టికెట్ నేనే కొంటానని శైలజకి చెప్పాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: పొద్దున్నే వెళ్ళండి, గూటి కింద నిలబడకండి, దూరంగా కూర్చుని ఓపిక పట్టండి. నెలాఖరుకి శైలజ వెళ్ళిపోయింది. రెండేళ్ళు ఫోన్ కార్డుల మీద కాపురం చేసి, చివరికి నేనే నెల్లూరు చేరాను. సింగపూరు తలచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది. కానీ కూరగాయలు, సినిమా కేసెట్లు ఇంటికి మోసుకొచ్చి ఎంత మంచి మొగుణ్ణో అనుకున్న ఆ ఏడు నెలల్లో, తను పాఠం చెప్పే గొంతు నేను విన్నది ఆ పది నిమిషాలే.