నల్లమ్మ ఇంటికొచ్చిన పన్నెండుమంది బేల్దారులు

బెంగళూరులో నల్లమ్మ ఎక్కని అంతస్తు లేదు. ఇరవై రెండేళ్లపాటు ఇటుకలూ, ఇసుకా, తడి సిమెంటూ తలమీద పెట్టుకుని ఎక్కింది, దిగింది. ఆ కట్టడాల్లో ఇప్పుడు లిఫ్టులు తిరుగుతున్నాయి. ఆమె ఎక్కిన రోజుల్లో మెట్లు కూడా సరిగ్గా ఉండేవి కావు. మోకాళ్లు మొరాయించాక మొగుడు చెన్నప్పతో కలిసి పుట్టపర్తి దగ్గరి సొంతూరికి వచ్చేసి, రేకుల కొట్టంలో కాపురం పెట్టింది.

ఇన్నేళ్లలో ఆమె చేతికి రానిది ఒక్కటే, తాపీ. బేల్దారి పనిలో ఆడది మోయాలి, మగవాడు గోడ కట్టాలి. ఈ చట్టం ఏ పుస్తకంలోనూ లేదు గాని ఏ మేస్త్రీ దాన్ని దాటడు. వరసకు మరిది అయ్యే ఎర్రప్ప మేస్త్రీ బీడీకి పోయినప్పుడు ఒకసారి ఆమె తాపీ మీద చెయ్యి వెయ్యబోయింది. వాడు పొగ కూడా వదలకుండా పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, ఆడది పట్టిన గోడ నిలుస్తాదా? ఆడ పెట్టు."

పెట్టేసింది. కళ్లు మాత్రం పెట్టెయ్యలేదు. మోస్తూ మోస్తూ చూస్తూనే ఉంది.

అట్లాంటి నల్లమ్మ కొట్టానికి ఒకరోజు భరత్‌కుమార్ వచ్చాడు. అనంతపురంలో బట్టల వ్యాపారి కొడుకు. పేదలకు ఇళ్లు కట్టించే ఒక సంస్థలో ఉద్యోగం, మెడలో గుర్తింపు కార్డు.

"నల్లమ్మక్కా, మీ కుటుంబం ఎంపికైంది. డెన్మార్క్ నుంచి పన్నెండుమంది వాలంటీర్లు వచ్చి తమ చేతులతో మీకు ఇల్లు కడతారు."

"అంత దూరం నుంచి బేల్దారులు రావల్లనా? ఈడ లేరా అప్పా?"

"వాళ్లు బేల్దారులు కాదక్కా. ఒకాయన బ్యాంకులో మేనేజరు. ఒకామె పళ్ల డాక్టరు. కాలేజీ పిల్లలున్నారు."

"మరి గోడలెవురు కడ్తారు?"

"వాళ్లే. ప్రేమతో."

ప్రేమతో గోడ నిలుస్తుందో లేదో నల్లమ్మకు తెలియదు. ఆమె చూసినవన్నీ సిమెంటుతో నిలిచినవే. అయినా ఇల్లు ఇస్తామంటే ఎవరు వద్దంటారు? సరే అంది.

పునాది ముందే, అప్పటికి ఊరికి తిరిగొచ్చిన ఎర్రప్ప చేత వేయించేశారు. గుంతలో దిగి రాళ్లు సర్దే పని సంస్థ తీసే వీడియోలో బాగుండదట. మాఘమాసంలో, మనకు ఇంకా దుప్పటి కావలసిన రోజుల్లో, పన్నెండుమందీ ఏసీ బస్సు దిగారు. అందరికీ పసుపుపచ్చ టోపీలు, చేతులకు తొడుగులు, ఇల్లు బొమ్మ వేసిన ఒకే రంగు బనియన్లు. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. భరత్‌కుమార్ తాపీలు పంచాడు. పందొమ్మిదేళ్లుంటాయో లేవో, బంగారు జుట్టు పిల్ల ఒకతె తాపీ అందుకుని, ఏ వైపు పట్టుకోవాలని సైగ చేసి అడిగింది.

ఇరవై రెండేళ్లు నల్లమ్మకు చిక్కనిది ఆ పిల్లకు బస్సు దిగిన పావుగంటకే చిక్కింది.

అరగంటలో ఆ పిల్ల రెండు ఇటుకలు పెట్టింది. రెండోది కదలకుండా నిలిచినందుకు అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్రప్ప కూడా కొట్టాడు. వాడికి ఇప్పుడు 'సహాయకుడు' అని పేరు, కూలీ మామూలే.

నీళ్ల ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చే ఊరది. గోడ తడపడానికి దాచిన నీళ్లు వాళ్ల చేతులకీ, ముఖాలకీ, మెడమీద వేసుకునే తడిగుడ్డలకీ అయిపోయాయి. మూడో రోజుకు నలుగురు వడదెబ్బకు పడిపోయారు. నల్లమ్మ వాళ్లను వేపచెట్టు కింద పడుకోబెట్టి, మజ్జిగ తాపి, చేటతో విసిరింది. బ్యాంకు మేనేజరు ఆమె చెయ్యి పట్టుకుని కన్నీళ్లతో ఏదో అన్నాడు.

"మీకు సాయం చేయడం వాళ్ల అదృష్టమంటున్నాడు," అన్నాడు భరత్‌కుమార్.

"కానీలే, ముందు లేసి కూసోమను," అంది నల్లమ్మ.

నాలుగో రోజు వీడియో కోసం ఆమె కూడా ఒక ఇటుక పెట్టాలన్నారు. మొదటిసారి తాపీ చేతికొచ్చింది. సిమెంటు మాలు పరిచింది, ఇటుక దించింది, రెండు దెబ్బలు కొట్టింది, అంచున పొంగిన మాలును గీకేసి, ఇంకో ఇటుకకు చెయ్యి చాపింది. అంతా ఒక్క ఊపిరిలో అయిపోయింది. పళ్ల డాక్టరు నోరు తెరిచి చూసింది.

భరత్‌కుమార్ తల పట్టుకున్నాడు. "అంత గబగబా వద్దక్కా. కొంచెం తడబడండి. ఈ పాప మీ చెయ్యి పట్టుకుని నేర్పిస్తున్నట్టు రావాలి."

"ఎవురికి ఎవురు నేర్పేది?"

"మీకు, ఆ పాప."

నల్లమ్మ మూడుసార్లు తడబడింది. మూడోసారి బాగా వచ్చిందన్నారు.

అయిదో రోజుకు పడమటి గోడ నడుమెత్తు లేచింది. దాన్ని చూడగానే నల్లమ్మకు అనుమానం వచ్చింది. ఎర్రప్పను పక్కకు లాగింది.

"గోడ వంకర పోతాండాది, కనపడలేదా?"

"కనపడింది వదినా. నాకెందుకు? దినకూలి వస్తాండాది."

భరత్‌కుమార్ దగ్గరికి పోయింది. అతను గొంతు తగ్గించాడు. "ఇప్పుడు చెబితే వాళ్లు బాధపడతారక్కా."

"అది మా మింద పడితే మేము బాధపడమా సార్?"

ఈ మాటలు ఒక్కటీ తెలియకపోయినా వాటి సంగతి పట్టేసిన మనిషి ఆ పన్నెండుమందిలో ఒకామె ఉంది. పేరు ఇంగ్రిడ్. బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పి రిటైరైన అరవై అయిదేళ్ల ముసలామె. ఊరివాళ్లకు నోరు తిరగక ఇంగువమ్మ అని పిలుస్తున్నారు. నల్లమ్మ ఎర్రప్ప సంచిలోంచి తూకం గుండు, అంటే దారానికి కట్టిన ఇనుప గుండు, తీసి గోడ పైనుంచి వదిలింది. కింద గోడకూ గుండుకూ నడుమ మూడు వేళ్లు దూరాయి. ఇంగువమ్మ వంగి చూసింది. తన భాషలో ఒక మాట అంది. దాన్ని భరత్‌కుమార్ తర్జుమా చేయలేదు, అవసరమూ రాలేదు.

ఇద్దరాడవాళ్లూ భుజాలు ఆనించి తోశారు. అయిదు రోజుల ప్రేమ దుమ్ము లేపుకుంటూ కూలింది. బంగారు జుట్టు పిల్ల ఏడ్చింది. భరత్‌కుమార్‌కూ ఏడుపొచ్చింది గాని, ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాడు.

నల్లమ్మ తాపీ తీసుకుంది. ఈసారి ఎవరూ తీసుకోమని చెప్పలేదు, వద్దని అనలేదు. ఇంగువమ్మ ఇటుకలు అందించింది. అందించి అందించి అలిసిపోయి, చుట్టూ చూసి, ఖాళీగా నిలబడిన ఎర్రప్ప చేతిలో ఇటుకల తట్ట పెట్టింది. పరదేశపు పెద్దామె, కాదనడానికి వాడికి నోరు రాలేదు. తలమీద పెట్టుకుని మోశాడు.

పదో రోజు విమానం టిక్కెట్ల తేదీ కాబట్టి, గృహప్రవేశమూ ఆ రోజే. గోడలు కిటికీ పైదాకా లేచాయి, కప్పు లేదు. తలుపు లేని గుమ్మానికి రిబ్బను కట్టి కత్తిరించారు. భరత్‌కుమార్ నల్లమ్మకు తాళంచెవి ఇచ్చాడు. దేని తాళంచెవని చెన్నప్ప అడగబోతే, ఫోటో అయిందాకా నవ్వమన్నారు. బ్యాంకు మేనేజరు ప్రసంగించాడు.

"ఇచ్చినదానికన్నా తీసుకున్నదే ఎక్కువ అంటున్నాడక్కా."

"నిజమే చెప్పినాడు," అంది నల్లమ్మ, ఖాళీ నీళ్ల తొట్టి వంక చూస్తూ.

మిగిలిన గోడలు నల్లమ్మే కట్టుకుంది. సంస్థ కప్పు వేయించేసరికి ఉగాది దాటింది.

మరుసటేడు భరత్‌కుమార్ మళ్లీ వచ్చాడు. పక్కూరికి పద్నాలుగుమంది వస్తున్నారట, హారతి పట్టి స్వాగతం చెప్పాలట.

"హారతికి రాను. మేస్త్రీగా వస్తా, మేస్త్రీ కూలీకి."

"అక్కా, ఆఫీసులో ఒప్పుకోరు..."

"కూలిన గోడ సంగతి ఆఫీసుకి చెప్పినావా అప్పా?"

ఆఫీసు మర్నాడే ఒప్పుకుంది.

అప్పటినుంచి ఏటా మాఘమాసంలో డాక్టర్లూ, మేనేజర్లూ నల్లమ్మ కింద పని చేస్తున్నారు. గుండు వదలకుండా రెండో వరస ఎత్తినవాడికి తెలుగులో కొంత, కన్నడంలో కొంత తిట్లు పడతాయి. వాళ్లు వాటిని దీవెనలనుకుని దండం పెడతారు. మిగతా పదకొండు నెలలూ మన బేల్దారులెవరూ ఆమెకు తాపీ ఇవ్వరు. మొన్న ఎర్రప్ప ఫోన్ చేశాడు.

"వదినా, మోసేదానికి ఒక మనిషి తక్కువుండాది. వస్తావా?"

"యాడప్పా పని?"

"కొత్తచెరువులో."

"గోడ కట్టే మనిషి తక్కువైతే చెప్పు, పొద్దున్నే వస్తా," అని నల్లమ్మ ఫోన్ పెట్టేసింది.