రేపల్లె జీపు కొనకముందు

మా ఆయన పశువుల డాక్టరు. తొంభైల మొదట్లో ఆయన ఆస్పత్రి రేపల్లెకి అవతల, కాలవల మధ్య పల్లెల్లో ఉండేది. నేను తెనాలిలో మిషన్ స్కూల్లో టీచర్ని, అందుకని కాపురం తెనాలిలోనే. ఆయన రోజూ స్కూటరు మీద వెళ్ళొచ్చేవారు. ఎండాకాలం ఫరవాలేదు. వానలు పడితే ఆ నల్లరేగడి దారుల్లో చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బురద బిగుసుకుపోయి స్కూటరు నిలబడిపోయేది. ఒక ఏడు శ్రావణంలో ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే వెళ్తూ కాలవ గట్టు మీద జారి పడ్డారు. మెడ కింద ఎముక విరిగింది. గేదె కూడా దక్కలేదు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన మనిషి తన ఎముక గురించి ఒక్క మాటా అనలేదు. గేదె గురించే రెండు రోజులు బాధపడ్డారు.

అప్పుడనుకున్నాం, నాలుగు చక్రాలూ లాగే చిన్న జీపు ఒకటి కొందామని. మామూలు కారు ఆ బురదలో పనికిరాదు. ఫోర్ వీల్ జీపయితే ఆయన పల్లెలకి పోవచ్చు, ఆదివారం మేమూ పిల్లలిద్దరూ కలిసి చర్చి గుడికీ చుట్టాలిళ్ళకీ పోవచ్చు. కొత్తది మాకందదు. పాతదే చూడాలి.

పాత బండి అనగానే నాకు భయం. దానికో కారణం ఉంది.

ఎనభైల్లో నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్న ఒక పాత కారు కొన్నారు. అమ్మినాయన మాకు బాగా తెలిసినవాడే. గుడిలో నాన్నతో కలిసి పాటలు పాడేవాడు. ఇద్దరిదీ ఒకే బల్ల. ఆయన తాళాలు నాన్న చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని, బండి క్షేమం కోసం ప్రార్థన కూడా చేశాడు. మేమందరం ఆమెన్ అన్నాం. ఆ కారు దుగ్గిరాల దాకా నడిచి, పసుపు యార్డు ముందు ఆగిపోయింది. తెనాలి నుంచి మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. ఇంజిను చీలిపోతే ఏదో ముద్ద పూసి, పైన రంగేసి ఉంచారని చెప్పాడు. నాన్న వెళ్ళి అడుగుతారనుకున్నాను. అడగలేదు. తర్వాతి ఆదివారం అదే బల్ల మీద ఆయన పక్కనే కూర్చుని పాడారు. "అతనికీ తెలిసుండదులే" అన్నారు ఇంటికొచ్చాక. నాకు మాత్రం ఆయనకి తెలుసనే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

అప్పట్నుంచీ నాకు అనుమానం అలవాటయింది. పాలు వేలితో ముట్టి చూసేదాన్ని. చీర అంచు లోపలి వైపు తిప్పి చూసేదాన్ని. చీరాల నుంచి చీరలు తెచ్చి అమ్మే ఆవిడ "తల్లీ, నువ్వు కొనవద్దులే, చూసి పెట్టు చాలు" అని నవ్వేది.

జీపు చూడ్డానికి, అప్పుడు నాన్న కారు కోసం దుగ్గిరాల వచ్చిన ఆ మెకానిక్‌నే తీసుకెళ్దామన్నారు మా ఆయన. ఆయనకి అప్పటికి అరవై దగ్గర పడింది. తెనాలిలో రైలు గేటు దగ్గర రేకుల షెడ్డు ఉండేది. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. మాట తక్కువ మనిషి. స్క్రూడ్రైవర్ ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది.

మొదట చూసింది తెనాలిలోనే, ఒక బ్రోకరు దగ్గర. ఆకుపచ్చ రంగు కొత్తగా వేసిన జీపు. బ్రోకరు లోపలికెక్కి రెండో లివరు ముందుకీ వెనక్కీ తోసి, "ఇదుగో అమ్మా, ఫోర్ వీల్ గేరు, వెన్న తీసినట్టు పడుతుంది" అన్నాడు. బాబాయ్ కింద దూరి ఒక్క నిమిషంలో లేచి వచ్చారు.

"లివరుందమ్మా. ముందు చక్రాలకి బలం తీసుకెళ్ళే రాడ్డు లేదు. పెట్రోలు కలిసొస్తుందని ఎప్పుడో ఊడదీసేశారు."

బ్రోకరు తల గోక్కుని, "నాకూ తెలీదండి, ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. మా నాన్న మాటే గుర్తొచ్చింది. నేను బయటికి నడిచాను.

రెండోది బాపట్లలో. చేపల వ్యాపారం చేసే ఒకాయన అమ్ముతున్నాడని తెలిసి, ఒక శనివారం నేనూ బాబాయ్ పొద్దున రైలెక్కాం. మా ఆయన చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఆ జీపు నాకు చూడగానే నచ్చేసింది. తెల్లగా, శుభ్రంగా ఉంది. తాళం తిప్పగానే అందుకుంది. సూర్యలంక దారి పక్కన ఇసకలోకి దింపి, లివరు వేసి చూపించాడు. నాలుగు చక్రాలూ ఇసక తవ్వుకుంటూ పైకొచ్చేశాయి. చేపల వాసన ఉంది గానీ అది పోతుందనుకున్నాను. ఆయన మాట కూడా నెమ్మదిగా ఉంది. "పెద్ద వ్యాను తీసుకున్నామండి. ఇక దీంతో పని లేదు" అన్నాడు.

బాబాయ్ కింద దూరి చాలాసేపు ఉన్నారు. స్క్రూడ్రైవర్‌తో ఎక్కడెక్కడో కొట్టిన చప్పుడు వినిపించింది. లేచి చేతులు దులుపుకుని, నా దగ్గరికి రాకుండా, ఆ వ్యాపారిని పక్కకి తీసుకెళ్ళారు. ఇద్దరూ గోడ దగ్గర నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. వ్యాపారి ఒక కాగితం ముక్క మీద ఏదో రాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను జీపులోంచి అంతా చూస్తూనే ఉన్నాను.

తిరుగు రైల్లో బాబాయ్ అన్నారు, "వద్దమ్మా ఆ బండి. లోపల తినేసింది."

"ఏం తినేసింది బాబాయ్? ఇసకలోంచి ఎలా వచ్చిందో చూశారుగా?"

"బండి నడుస్తుంది. కానీ వద్దు."

అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటికే నా మనసులో ఆ గోడ దగ్గర మాటలు తిరుగుతున్నాయి. ఈయన మాకు వద్దని చెప్పి, ఇంకెవరికో ఇప్పించి కమీషన్ తీసుకుంటాడా? ఇంట్లో మా ఆయనకి చెబితే, "అడిగేస్తే పోయేదిగా" అన్నారు. "అడిగితే నిజం చెబుతారా?" అన్నాను నేను.

పది రోజుల తర్వాత స్కూలుకి రిక్షాలో పోతుంటే ఆ తెల్ల జీపు కనిపించింది. బాబాయ్ షెడ్డు ముందే నిలబెట్టి ఉంది. అదే బండి, అదే నంబరు. రిక్షా ఆపించి అడగాల్సింది. ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాను. అక్కడితో ఆగలేదు. ఆ రోజు స్టాఫ్ రూములో ఇద్దరు టీచర్లతో, ఆ గేటు దగ్గర మెకానిక్‌ని నమ్మొద్దని చెప్పాను. రెండుసార్లు ఆయన షెడ్డు బయట నిలబడి చెయ్యెత్తితే చూడనట్టు పోయాను.

మూడో జీపు రేపల్లెలో ఉందని మా ఆయన ఆస్పత్రి కాంపౌండరు చెప్పాడు. ఈసారి బాబాయ్‌ని పిలవలేదు. మా ఆయనా నేనూ రేపల్లె రైల్లో వెళ్ళాం. వేమూరు దాటే దాకా ఆయన ఒకటే మాట, "మెకానిక్ లేకుండా మనమేం చూస్తాం?" అని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ జీపు ఒక రిటైరయిన నర్సమ్మది. మనిషి పొడుగ్గా, ఎముకలు తేలి, గట్టి గొంతుతో ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చేసిందట. జీపు వాళ్ళ అన్నయ్య మిలటరీ వేలంలో కొనిస్తే, దాని మీదే వానల్లో తిరిగేదట. మోకాళ్ళ నొప్పులతో క్లచ్ తొక్కలేక అమ్ముతున్నానంది. నొప్పి మోకాళ్ళకా, క్లచ్‌కా అని నేను మనసులో అనుకున్నాను.

ఆవిడ మాకంటే అనుమానం మనిషి. కుర్చీలు చూపించకుండానే మొదలుపెట్టింది.

"ఏంటి పని మీది? బండి ఎందుకు? కొని రొయ్యల చెరువులకి తిప్పుతారా?"

మా ఆయన చేతి కట్టు చూపించి గేదె సంగతి చెప్పారు. ఆవిడ కట్టు కేసి చూసి, "దూడ అడ్డం తిరిగిందా?" అని అడిగింది. ఇద్దరూ పావుగంట కాన్పుల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత కాఫీ వచ్చింది.

బండి పాతది. రంగు వెలిసింది. టాపు రెండు చోట్ల కుట్టు వేసి ఉంది. దాచడానికేమీ లేనట్టుండటమే నాకు అనుమానమనిపించింది. ఆవిడ అడిగింది, "మెకానిక్‌ని తేలేదేం? మెకానిక్ చూడందే నేనివ్వను. రేపు ఏదైనా వస్తే నర్సమ్మ మోసం చేసిందంటారు."

"మాకు తెలిసినాయన ఉన్నాడండి. నమ్మకం పోయింది" అని అంతా చెప్పాను. బాపట్ల, గోడ దగ్గర మాటలు, కాగితం, షెడ్డు ముందు జీపు.

ఆవిడ విని, "ఏం షెడ్డు అది?" అంది.

"రిపేరు షెడ్డండి."

"రిపేరు షెడ్డు ముందు బండి ఉంటే అనుమానమేంటమ్మాయ్? ఆస్పత్రిలో మంచం మీద రోగి కనబడితే, నర్సు దొంగతనంగా తెచ్చి పడుకోబెట్టిందంటావా?"

మా ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు స్కూలయ్యాక నేరుగా షెడ్డుకి వెళ్ళాను. తెల్ల జీపు ఇంకా అక్కడే ఉంది. పైభాగం మొత్తం విప్పేసి, కింది ఫ్రేము ఇటుకల మీద పెట్టారు. బాబాయ్ నన్ను చూసి, ఆ ఫ్రేము మీద స్క్రూడ్రైవర్‌తో నెట్టి చూపించారు. పైన నల్లరంగు నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్ అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది.

"చేపల గంపల్లోంచి ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు, ఏళ్ళ తరబడి కారి తుప్పు తినేసింది" అన్నారు. "ఆయనకీ తెలీదు. కొన్నవాళ్ళు ఇంటిల్లిపాదీ ఎక్కుతారు, విరిగితే ప్రాణాలు పోతాయి, వెల్డింగ్ చేయించకుండా ఎవరికీ అమ్మొద్దని చెప్పాను. షెడ్డు ఎక్కడని అడిగాడు. రాసుకున్నాడు."

"నాకు రైల్లో చెప్పొచ్చుగా బాబాయ్?"

"చెప్పాను. తినేసిందని. ఆయన బండి పరువు రైల్లో పదిమందిలో తీయడమెందుకని అంతకంటే అనలేదు. మీరింకేమీ అడగలేదు."

నేనేమనుకున్నానో చెప్పాను. టీచర్లతో అన్న మాట కూడా చెప్పాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నారు. ఆ గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టారు. "ఆ మాట నాకు చేరిందమ్మా" అన్నారు. "మీ టీచర్లలో ఒకాయన స్కూటరు నా దగ్గరే చేయించేవాడు. మానేశాడు."

క్షమించమన్నాను. ఆయన తలూపారు గానీ ఆ తలూపడంలో క్షమించడం లేదు. రేపల్లె రమ్మంటే రానన్నారు. "నేను బాగుందంటే ఒక అనుమానం, బాగోలేదంటే ఒక అనుమానం. మీరే చూసుకోండి. ఎలా చూడాలో చెబుతాను." ఆ తెల్ల జీపు చుట్టూ తిప్పి, గంటసేపు, క్లాసులో పిల్లలకి నేను కూడా చెప్పనంత ఓపిగ్గా చెప్పారు. వెళ్ళేటప్పుడు స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, మళ్ళీ తెచ్చివ్వమన్నారు. స్టాఫ్ రూములో నేనన్నది తప్పని ఆ ఇద్దరితో మర్నాడే చెప్పాను. ఒకామె నమ్మింది. స్కూటరాయన, "ఇప్పుడు ఏది నిజం టీచర్ గారూ?" అని నవ్వాడు. అతను మళ్ళీ ఆ షెడ్డుకి పోలేదు.

తర్వాతి శనివారం రేపల్లెలో, నర్సమ్మ వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, చీర కుచ్చిళ్ళు బొడ్డులో దోపుకుని, నేను జీపు కింద దూరాను. వీధిలో జనం ఆగి చూశారు. ఫ్రేము పొడుగునా కొట్టుకుంటూ పోయాను. అంతటా ఖంగుఖంగున మోగింది. వెనక చక్రాలకి ఇటుకలు పెట్టి, గేర్లో ఉంచి, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపాం. లివరు వేయకముందు చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. లివరు వేశాక రెండు చేతులా తిప్పినా కదల్లేదు. అంటే పట్టింది. అయితే ఎడమ ముందు చక్రం వెనకాల నూనె జిడ్డు తగిలింది. వేలితో తీసి బయటికొచ్చి ఆవిడకి చూపించాను.

"ఆయిల్ సీలు కారుతోందండి ఇక్కడ."

నర్సమ్మ నా వేలు చూసింది. "తెలుసు" అంది. "చెబుదామనే ఉన్నాను. నువ్వు ముందు చూస్తావో లేదో అనుకున్నాను. బండిని పట్టించుకోనివాళ్ళకి ఇవ్వడం ఇష్టంలేదు."

చూడకపోయుంటే చెప్పేదా? ఆ ప్రశ్న నాకప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. కానీ ఆ రోజు అడగలేదు. బండి కొన్నాం. ఆవిడ తాళాలిస్తూ, "అడుసులో దిగకముందే లివరు వేయి. దిగాక కాదు" అని మా ఆయనకి చెప్పింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను రెండుసార్లు చదివాను.

సీలు మార్చడానికి బండి బాబాయ్ షెడ్డుకే తీసుకెళ్ళాను. చేసిపెట్టారు. పనికి తగ్గదే తీసుకున్నారు. మాట మాత్రం పని వరకే. రెండేళ్ళు అలాగే గడిచాయి. జీపు ఆ పల్లెల దారుల్లో ఒక్కసారీ దిగబడలేదు. నేనూ నడపడం నేర్చుకున్నాను.

ఒక ఎండాకాలం పిల్లల్ని బాపట్ల సముద్రానికి తీసుకెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు బండి అందుకోలేదు. అక్కడ మెకానిక్‌లు లేక కాదు. మా ఆయన ఫోన్ బూత్ వెతుక్కుని, షెడ్డు పక్కనున్న కిరాణా కొట్టుకి ఫోన్ చేశారు. బాబాయ్ ఇంత దూరం వస్తారని నేననుకోలేదు. మధ్యాహ్నం రైలుకి సంచీ భుజాన వేసుకుని వచ్చారు. ఎండలో గంట పని. ఒక తీగె తెగింది, అంతే. నీళ్ళిస్తే తాగారు.

మా ఆయన పిల్లలతో వెనక కూర్చున్నారు. నేను నడిపాను. బాబాయ్ నా పక్కన ముందు సీట్లో కూర్చున్నారు. అప్పికట్ల దాకా ఇంజిను చప్పుడు వింటూ నిటారుగా ఉన్నారు. పొన్నూరు వచ్చేసరికి తల టాపు కమ్మీకి ఆనింది. రోడ్డు మీద గుంటలున్నాయి, చూసుకుంటూ నెమ్మదిగా పోనిచ్చాను. తెనాలి వచ్చేదాకా ఆయన నిద్రలేవలేదు.