వన్ బై టూలో రెండో సగం

నాన్న పోయాక, మేమిద్దరం రోజూ కూర్చునే తిరుమలగిరి ఇరానీ హోటల్‌కు ఇవాళే మొదటిసారి ఒంటరిగా వెళ్లాను. అలవాటు కొద్దీ "వన్ బై టూ" అనేశాను. ఒకే చాయ్ సగం సగంగా రెండు కప్పుల్లో వచ్చింది. రెండో కప్పు చూడగానే కళ్లు నిండాయి.

అదే టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చున్న పెద్దాయన అడిగారు. "ఏందమ్మా, గట్ల పరేషాన్‌గున్నవ్?"

విషయం చెప్పాను.

"అరె, సల్లారితే ఏం ఫాయిదా? గది నేను తాగుతా. నువ్వు మీ నాయిన ముచ్చట్లు చెప్పు."

ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేనివన్నీ ఆయనకు చెప్పేశాను. ఆయన చివరి గుక్క తాగి మొహం చిట్లించారు. "చక్కెర జెర ఎక్కువైంది."

నాన్నా అంతే, కప్పు ఖాళీ చేశాకే ఆ మాట అనేవారు! పక్కున నవ్వేశాను.

ఇంతకీ, మీ చాయ్‌లో రెండో సగం ఎవరు తాగుతారు?