గోడకేసి తిరిగిన వీధి

మా విచారణలో, అంటే మా చర్చి కింది జనంలో, ఫాదర్ హాన్రటీకి ఎదురు తిరగమని మొదట నోరు తెరిచి చెప్పింది ఎక్సిల్డా జెర్వే. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచుకోలేదు.

కెనడా నుంచి అమెరికా నూలు మిల్లుల కోసం వలస వచ్చిన ఫ్రెంచి వాళ్లం మేము. ఆ ఊళ్లో ఐరిష్ వాళ్లకొక చర్చి, పోలిష్ వాళ్లకొకటి, మాకొకటి. అందరికీ రోమ్‌లో ఒకే పోప్, ఒకే లాటిన్ పూజ. అయినా ఒకరి చర్చిలో ఇంకొకరు మోకరించడానికి ఒళ్లు వంగేది కాదు. మా చర్చికి ఇటుకలు మోసింది మా అమ్మానాన్నలే, అదీ మిల్లు వదిలాక, చీకటి పడేదాకా. మా ముసలి గురువు పోగానే బిషప్ గారు ఫ్రెంచి ముక్క రాని ఐరిష్ ఆయన్ని, ఈ హాన్రటీని, తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టారు. ఇక మా పాపాలు మేము ఎవరికి చెప్పుకోవాలి? సైగలు చేసి చెప్పాలా?

"ఆయన్ని తిట్టొద్దు, రాయి విసరొద్దు," అంది ఎక్సిల్డా చర్చి మెట్ల మీద నిలబడి. "వీధిలో కనబడితే గోడకేసి తిరగండి. అంతే. ఎవరైనా ఆయన్ని ఇంటికి పిలిచారో, వాళ్ల గడప మనం తొక్కం. చావొచ్చినా సరే."

అందరూ సరేనన్నారు. బిడ్డలకు జ్ఞానస్నానం చేయించాలంటే బండి కట్టించుకుని పక్క ఊరు పోయేవాళ్లు. అలా పోతూ ఉండగానే డెల్వినా మనవరాలు, ఇంకా పసిగుడ్డు, దారిలో కన్నుమూసింది, నెత్తిన నీళ్లు పడకుండానే. డెల్వినా ఎక్సిల్డాకు స్వయానా ఆడపడుచు. ఏడవలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. మరునాడు ఫాదర్ ఎదురుపడితే అందరితో పాటు గోడకేసి తిరిగింది. ఆ రోజు నుంచి వీధిలో నవ్వులు తగ్గాయి. ఏదో జరగబోతోందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

జరిగింది ఎక్సిల్డా ఇంట్లోనే. ఆమె మొగుడు అడెలార్ పత్తి ఏకే గదిలో దుమ్ము మింగీ మింగీ మంచం పట్టాడు. మంచు పడి పక్క ఊరి దారి మూసుకుపోయిన వారంలోనే నోటి వెంట రక్తం పడింది. చూసిన డాక్టరు టోపీ చేత్తో పట్టుకుని, పిలవాల్సినవాళ్లని పిలుచుకోమన్నాడు.

"నేను పోయి ఫాదర్‌ని తీసుకొస్తా," అంది ఎక్సిల్డా.

"వద్దే. డెల్వినా మనవరాలు నీళ్లు లేకుండా పోయింది. ఇప్పుడు నా కోసం ఆయన్ని తెస్తే దాని మొహం ఎట్లా చూస్తాం?" అన్నాడు అడెలార్. కాసేపు ఊపిరి కోసం తన్నుకున్నాడు. "వీధి ఒప్పుకుంటే తే. లేదంటే నేను నోరు తెరవను."

పాపసంకీర్తనం లేకుండా, చేసిన పాపాలు గురువు చెవిన వెయ్యకుండా పోతే ఆ మనిషి ఎక్కడికి పోతాడో ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. శాలువా కప్పుకుని బయల్దేరింది.

సత్ప్రసాదం, క్రీస్తు శరీరమని మేము కొలిచే రొట్టె, ఇంటికి తెచ్చేటప్పుడు ముందు ఒకరు గంట కొడుతూ నడవాలి. ఆ గంట వినబడితే ఎంతటివాడైనా బురదలోనైనా మోకరించాల్సిందే. చర్చి పనివాడు యూల్రిక్ గంట ఆమె చేతిలో పెట్టి, "నా వల్ల కాదమ్మా, నేనూ ఈ వీధిలో బతకాలి," అని లోపలికి పోయాడు. అందుకని ఆమే గంట కొడుతూ ముందు నడిచింది, వెనక ఫాదర్.

సరిగ్గా అప్పుడే మిల్లు వదిలారు. వీధి నిండా మా వాళ్లే. గంట విని ఒక్కొక్కరే గోడకేసి తిరిగారు. వీపు చూపింది ఫాదర్‌కి మాత్రమే కాదు, ఆయన గుండెల దగ్గర పట్టుకున్నదానికి కూడా అని ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక పడుచుపిల్ల మోకాళ్లు సగం వంగాయి, మొగుడు మోచెయ్యి పట్టి లేపాడు. ఎక్సిల్డా గంట ఆపకుండా నడిచింది. ఈ పాపం ఈ వీధికి నేర్పింది తనే కదా.

చివర్న డెల్వినా నిలబడి ఉంది.

"నీ అన్న పోతున్నాడు," అంది ఎక్సిల్డా.

"నా మనవరాలు పోలేదా వదినా?" అని డెల్వినా వీపు తిప్పింది.

గది గుమ్మంలోకి రాగానే అడెలార్ అడిగాడు. "గంట విన్నా. మోకరించారా?"

"అందరూ," అంది ఎక్సిల్డా.

"డెల్వినా?"

"అందరికన్నా ముందు తనే. బురదలో."

అతని మొహం తేటపడింది. ఊపిరి అందినంత మేర ఫ్రెంచిలో తన పాపాలన్నీ చెప్పుకున్నాడు. ఫాదర్ హాన్రటీకి ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా చెయ్యెత్తి పాపక్షమాపణ ఇచ్చాడు, నూనె రాశాడు, నాలుక మీద సత్ప్రసాదం పెట్టాడు. దీపాలు పెట్టే వేళకు అడెలార్ పోయాడు. శవపేటిక మొయ్యడానికి వీధిలోంచి ఒక్కడూ రాలేదు. మిల్లులో ఆమె పక్క మగ్గం ఆడవాళ్లు కూడా పలకరించడం మానేశారు.

కొన్నేళ్లకు బిషప్ గారు దిగొచ్చి ఫ్రెంచి గురువును పంపారు. వీధంతా పండగ చేసుకుని చర్చిలో వరస కట్టింది. ఎక్సిల్డా కూడా వెళ్లి పాపసంకీర్తనపు పెట్టె ముందు మోకరించింది. ఆమె వెనక వరసలో డెల్వినా ఉంది.

మగ్గాల మోతలో జీవితం గడిపినవాళ్లకు చెవులు సగం పోయి ఉంటాయి. గుసగుస అనుకుంటూ మాట్లాడతారు, చర్చి అంతా వినబడుతుంది.

"నా మొగుడు చచ్చిపోతుంటే అబద్ధం చెప్పా ఫాదర్. ఆయన చెల్లెలు మోకరించిందన్నా."

కొత్త గురువు అడిగాడు. "అలా చెప్పినందుకు బాధపడుతున్నావా, అమ్మా?"

"లేదు."

"ఒక్కసారి ఆలోచించు. పశ్చాత్తాపం లేకుండా నేను క్షమాపణ ఇవ్వకూడదు."

"ఆలోచించే చెప్తున్నా ఫాదర్. ఇప్పుడడిగినా అదే చెప్తా."

ఆమె లేచి, క్షమాపణ లేకుండానే తెర తీసుకుని బయటికి వచ్చింది. వరసలో అందరూ నేల చూస్తున్నారు. డెల్వినా ఒక్కతే ఆమె మొహంలోకి చూసింది. లోపల్నుంచి ఫాదర్ తర్వాతివాళ్లని రమ్మన్నాడు. డెల్వినా వరసలోంచి పక్కకు జరిగి, లోపలికి వెళ్లకుండా ఇంటిదారి పట్టింది.