శ్రావణి బోర్డుకు ఎంత ఎత్తు?

ఉద్యోగ విరమణకు ముందటి వేసవిలో, కరీంనగర్‌లో సీనియర్ స్కేటింగ్ కోచ్‌గా ఉన్న నన్ను ధర్మపురిలో స్కేట్‌బోర్డు శిక్షణ శిబిరానికి బాధ్యురాలిగా వేశారు. హోదా వినడానికి బాగుంటుంది గానీ, పొద్దున మైదానం ఊడిపించడం నుంచి సాయంత్రం మోకాళ్లకు మందు రాయడం దాకా అన్నీ నా పనులే. శిబిరం ముగిశాక కరీంనగర్‌లో జిల్లా జట్టు ఎంపిక పోటీలు. ధర్మపురి నుంచి ఒక్కరైనా ఎంపిక కాకపోతే మరుసటి ఏడు అక్కడ శిబిరం ఉండదని పై అధికారులు ముందే చెప్పారు.

నా ఆశంతా శ్రావణి మీదే. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. తండ్రి మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు ఆయన తెచ్చిన బోర్డే ఆమె ఆస్తి. తల్లి రాజవ్వ ఇంట్లో బీడీలు చేస్తుంది. శ్రావణి బోర్డుతో సహా గాల్లోకి లేచి దిగుతుంటే, గోదావరి స్నానానికి పోయే యాత్రికులు కూడా తువ్వాళ్లు భుజాన వేసుకుని ప్రహరీ అవతల నిలబడిపోయేవారు.

శిబిరం సగంలో ఉండగా ఆమె పడింది. వేగంగా మలుపు తిరుగుతుంటే బోర్డు ఉన్నట్టుండి ఆగిపోయింది, పిల్ల మాత్రం ముందుకు ఎగిరిపోయింది. గదవకు, అంటే గడ్డానికి, కుట్లు పడ్డాయి. మర్నాడు రాజవ్వ కూతురిని వెంటబెట్టుకుని బోర్డు చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఇగ సాలు మేడం. పండ్లు రాలితే వాళ్ల బాపుకు నేనేం జెప్పాలె? పోటీ లేదు, గీటీ లేదు."

"జర ఆగు చెల్లె. ఎందుకు పడ్డదో సూద్దాం. కారణం దొరకకపోతే నేనే వద్దంట," అన్నాను.

బోర్డు తిరగేశాను. చక్రాలకు సరిగ్గా ఎదురుగా చెక్క మీద నల్లటి గీరలు, అవీ వంపుగా ఉన్నాయి. చక్రాలు మార్చావా అని శ్రావణిని అడిగాను.

"అవ్ మేడం. మా గల్లీ రోడ్డు మీద చిన్నయి కంకరకు తట్టి ఆగుతున్నయని పెద్దయి ఏపిచ్చిన."

కారణం దొరికింది. చెక్కను చక్రాల ఇరుసుతో కలిపే భాగాన్ని ట్రక్ అంటాం. మలుపులో బరువంతా ఒక పక్కకు వేసినప్పుడు చెక్క ఆ పక్కకు వంగుతుంది. చక్రం పెద్దదైతే చెక్క దానికి తగిలి బ్రేకు వేసినట్టు పట్టేస్తుంది. మా వాడుకలో దాన్ని వీల్ బైట్ అంటారు. దానికి మందు రైజర్ ప్యాడ్, అంటే ట్రక్కుకు, చెక్కకు మధ్య బిగించే పలక. కరీంనగర్ నుంచి రెండు మందాలలో తెప్పించాను. వాటికి తగ్గ పొడుగు బోల్టులు కూడా కావాలి. పాత బోల్టులకు నట్టు పూర్తిగా ఎక్కదు.

అవి వచ్చిన రోజు, "మందంగున్నదే ఎయ్యున్రి," అంది రాజవ్వ. తల్లి కదా, అదే బిగించాను. శ్రావణి ఒక చుట్టు తిరిగి, ఒకసారి ఎగిరి, మొహం ముడుచుకుని వచ్చింది.

"మంచమెక్కి దుంకినట్టున్నది మేడం. కాలు కింద బోర్డే తెలుస్తలేదు."

ఆమె మాట నిజమే. ఎత్తు పెరిగేకొద్దీ బోర్డు ఊగుతుంది, ఎగరడానికి తోకను, అంటే వెనక కొసను, నేలకు కొట్టే దెబ్బ ఆలస్యమవుతుంది. రోడ్డు మీద హాయిగా పోయేవారికి పెద్ద మెత్తటి చక్రాలు, మందపాటి రబ్బరు ప్యాడ్ బాగుంటాయి, అదురు తగ్గుతుంది. విన్యాసాలు చేసేవారికి చిన్న గట్టి చక్రాలు చాలు, ప్యాడ్ సన్నగా ఉండాలి, ఒక్కోసారి అసలే అక్కర్లేదు. పాత చిన్న చక్రాలు వేద్దామంటే శ్రావణి ఒప్పుకోలేదు. కరీంనగర్ మైదానంలో సిమెంటు గరుకుగా ఉందని, చిన్నవి అక్కడ వేగం అందుకోవని వాదించింది. ఆ మైదానం నాకు తెలుసు. పిల్ల చెప్పింది సబబే. నా పెట్టెలోంచి మధ్యరకం చక్రాలు తీసి, మందపాటి ప్యాడ్ బదులు మూడు మిల్లీమీటర్ల గట్టి ప్యాడ్ వేసి, ట్రక్కు నట్టు కాస్త బిగించాను.

ఇక పరీక్ష. బోర్డు ఒక అంచు మీద పూర్తి బరువు వేసి చక్రం తాకుతుందేమో చూడాలి. "నువ్వే ఎక్కు చెల్లె," అన్నాను రాజవ్వతో. కొంగు నడుముకు దోపి, నా భుజం పట్టుకుని ఎక్కింది. శ్రావణి నేల మీద పడుకుని అడుగు నుంచి చూస్తూ తల్లికి చెబుతోంది.

"అవ్వా, ఇంకింత వంగు! ఇంక!"

"వంగుతున్ననే! నన్ను గూడ పడేస్తవా ఏంది?"

"తాకుతలేదు! అవ్వా, తాకుతలేదు!"

రాజవ్వ రెండో అంచు మీదా నిలబడి చూసింది. దిగాక బోర్డు కూతురి చేతికిచ్చి, "గదవకు మల్ల దెబ్బ తాకిందో, ఇంట్లకు రాకు," అంది. అదే అనుమతి.

కరీంనగర్ పోటీలను తండ్రి మస్కట్ నుంచి వీడియో కాల్‌లో చూస్తున్నాడు. తాను పడిన మలుపులాంటిదే వచ్చేసరికి శ్రావణి తగ్గలేదు, ఇంకా వంగింది. బోర్డు ఆగలేదు. జట్టులో చివరి స్థానం ఆమెకు దక్కింది. రాజవ్వ ఫోను తనవైపు తిప్పుకుని, "నేను ఎక్కి సూసినంకనే పంపిన," అని భర్తకు చెప్పింది. మరుసటి వేసవి ధర్మపురిలో శిబిరం జరిగింది. అప్పటికి నేను ఉద్యోగంలో లేను.

ఏ మందం ప్యాడ్ వేయాలని కొత్త కోచ్‌లు నన్ను ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు. ముందు చక్రం కొలవండి, తర్వాత పిల్ల ఎక్కడ ఎలా తొక్కుతుందో ఆమెనే అడగండి, చక్రం చెక్కకు తగలనంత ఎత్తు ఇచ్చి అక్కడితో ఆపండి అని చెబుతాను. ఎక్కువ ఎత్తు ఇస్తే ఒక ప్రమాదం తప్పి ఇంకొకటి వస్తుంది.