ఫోన్ ఇట్లియ్యప్పా!

మా వీరభద్రకు ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళ ఫోన్ కంటపడితే వాడి చెయ్యి ఊరుకోదు. మనిషి కనపడితే మనమందరం నమస్కారం పెడతాం, బాగున్నారా అంటాం. వాడు అరచెయ్యి చాపి "ఫోన్ ఇట్లియ్యప్పా" అంటాడు. దొంగ అనుకునేరు. పోలీసు. అందులోనూ మామూలు పోలీసు కాదు, కర్నూలులో సైబర్ నేరాలు చూసే ఎస్సై. ఫోన్ తీసుకుని, ఉన్న తాళం మార్చి, దాని మీద రెండో తాళం పెట్టి, అక్కర్లేని యాప్‌లు పీకేసి, నాలుగు చీవాట్లు కూడా పెట్టి తిరిగి ఇస్తాడు. ఇక ఆ పూటంతా ఆ ఫోన్ యజమానికే తెరుచుకోదు.

నా పేరు శేషన్న. హెడ్ కానిస్టేబుల్‌ని. వాడూ నేనూ ఒకే రోజు కానిస్టేబుళ్ళుగా చేరాం. ఒకే పళ్ళెంలో తిన్నాం. ఇప్పుడు వాడు ఎదురైతే నేను సెల్యూట్ కొట్టాలి. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ రాతలో అక్కడక్కడా కడుపుమంట వాసన వస్తుంది. వస్తే రానివ్వండి, అది నాదే.

ట్రైనింగ్‌లో పరుగు పందెం పెడితే నేను మొదట వచ్చి, స్నానం చేసి, ఇడ్లీలు తింటుంటే వీరభద్ర గేటు దగ్గర కనపడేవాడు, గోడ పట్టుకుని. ఒకరోజు డ్రిల్లు మాస్టారుకు విసుగొచ్చింది.

"ఏమిరా, నువ్వు దొంగను తరమల్లా, దొంగ నిన్ను తరమల్లా?"

"ఇంగ ముందు దొంగలు పరిగెత్తరు సార్" అన్నాడు వీడు రొప్పుతూ. "కూచున్న చోటనే దొంగిలిస్తారు."

పరేడ్ మైదానం మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వుకు వడ్డీ ఇప్పటికీ కడుతున్నాను.

ఉద్యోగంలో చేరాక వాడు కంప్యూటర్ నేరాల మీద ఏదో దూరవిద్య కోర్సు కట్టాడు. కాపలా డ్యూటీలో తుపాకీ భుజానా, పుస్తకం ఒళ్ళోనా. "ఏం చదువుతాండావప్పా?" అని అడిగితే "దొంగల గురించి" అనేవాడు. దొంగను పట్టాలంటే కాళ్ళుండాలి గానీ పుస్తకం దేనికని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. ఆ పుస్తకాలే వాణ్ణి ఎస్సై పరీక్షలో గట్టెక్కించాయి, హైదరాబాదు శిక్షణకు పంపాయి, తిరిగొచ్చాక ఏసీ గదిలో కూచోబెట్టాయి. నా కాళ్ళు నన్ను ఎక్కడికి తీసుకెళ్ళాయంటే, మైదుకూరు నాలుగు రోడ్ల కూడలికి, బందోబస్తుకు. తారు కరిగి బూట్లకు అంటుకునే ఎండలో నిలబడి వచ్చి, పనిమీద వాడి గదిలోకి పోతే, వాడు స్వెట్టర్ వేసుకుని ఉన్నాడు. మే నెల. కర్నూలు. స్వెట్టర్! భుజం మీద నక్షత్రాలను క్షమిస్తాను గానీ ఆ స్వెట్టర్‌ను మాత్రం క్షమించలేను.

పౌరుషంతో నేనూ ఆ కోర్సు పుస్తకం ఒకటి కొన్నాను. మొదటి పేజీలో సాలెగూడులాంటి బొమ్మ ఉంది. దాన్ని చూస్తూ ఎంత హాయిగా నిద్రపట్టిందో చెప్పలేను. మా ఆవిడ భువన ఆ పుస్తకాన్ని ఊరగాయ జాడీ కింద పెట్టింది. ఎత్తు సరిగ్గా సరిపోయిందట.

వాడి జబ్బుకు వేళాపాళా లేదు. ఎమ్మిగనూరులో ఒక పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. వీరభద్ర అక్షింతలు వేసి, అదే చెయ్యి పెళ్ళికొడుకు ముందు చాపాడు. పాపం ఆ పిల్లవాడు దక్షిణ కాబోలనుకుని పురోహితుడి వైపు చూశాడు.

"ఫోన్ ఇట్లియ్యప్పా. తాళం ఏం పెట్టినావు?"

పెళ్ళికొడుకు సిగ్గుపడ్డాడు. "పెండ్లి తేదీ అన్నా."

"శుభలేఖల్లో అచ్చేసి ఊరంతా పంచినావు గదప్పా! మళ్ళా అదే తాళమా?"

పెళ్ళికూతురు కిసుక్కున నవ్వింది. పందిట్లో సగం మంది తాళాలు మార్పించుకోవడానికి వాడి చుట్టూ మూగారు. నేనూ పోలీసునే, నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళాను. నన్ను పలకరించింది వంటవాడొక్కడే, అదీ పక్కకు జరగమని.

ఒక్కసారి మాత్రం నా కడుపు చల్లబడింది. కల్లూరు నుంచి షేర్ ఆటోలో వస్తున్నాం. ఎదురుగా లక్ష్మక్క అనే కూరగాయలావిడ. వీడు ఆమె ఫోన్ తీసుకుని తిప్పి చూస్తూ, "ఈ టార్చిలైటు యాప్ నీ చుట్టాల నంబర్లంతా తీసుకోనుండాదక్కా! దీపానికి చుట్టాలతో ఏం పని?" అన్నాడు.

"ఏమో నాయనా, అడిగినాది, ఇచ్చినా."

"అడిగినోళ్ళకంతా ఇస్తావా?"

"నువ్వడిగితే ఫోనే ఇస్తిని గదా?"

ఆటో అంతా గొల్లుమంది. వీరభద్ర ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు. నేను ఆటో దిగి లక్ష్మక్క దగ్గర అక్కర్లేకపోయినా వంకాయలు కొన్నాను.

ఆ సంతోషం ఎంతసేపు? తరవాతి వారమే పెద్ద అధికారి మీటింగ్ పెట్టాడు. మేమంతా వరసగా నిలబడ్డాం. బల్ల మీద సారు ఫోన్ మోగింది. వీరభద్ర చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. "సార్, ఫోన్ ఒకసారి ఇట్లీయండి." అయిపోయాడు, వీడి పని అయిపోయింది అనుకుని నేను లోపల్లోపల కొబ్బరికాయ కొట్టాను. సారు ఫోన్ ఇచ్చాడు. వీడు అందులో సారుకు తెలియకుండా దూరిన ఏదో యాప్‌ను చెవి పట్టుకుని బయటికి లాగాడు. సారు వీడి భుజం తట్టి, మా వైపు తిరిగి, "చూసి నేర్చుకోండి" అన్నాడు. అదే సారుకు నేను ఏళ్ళ తరబడి సెల్యూట్ కొడుతున్నాను. నా పేరు ఆయనకు తెలియదు. "ఏయ్, నువ్వు" అంటాడు.

ఇన్ని పోయినా నాకంటూ ఒకటి మిగిలింది. మా మామ పుల్లయ్య. ఆయనా పోలీసే, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. చూపుతోనే దొంగల చేత నిజం చెప్పించేవాడని పడమటి ఊళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఎక్కడ కూర్చున్నా ఆయన అల్లుణ్ణని చెప్పుకోకుండా లేవను. ఆ మామ ఎప్పుడూ నా పక్షమే. "పోలీసంటే కాళ్ళప్పా, కాళ్ళు! కూచోని గుండీలొత్తేటోడు పోలీసెట్లయితాడు?" అనేవాడు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ పోయేది. నక్షత్రాలు, ఏసీ, సారు మెప్పు అన్నీ వీరభద్రవి. మామ ఒక్కడు నావాడు.

కల్లూరులో ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశం రోజు పాలు పొంగాయి, వ్రతం అయింది, పూర్ణం ఓళిగల వాసన వీధి దాకా పోయింది. సరిగ్గా విస్తళ్ళు వేసే సమయానికి వీరభద్ర మా కొత్త స్టీలు బేసిన్ పట్టుకుని బయలుదేరాడు.

"ఫోన్లు దీంట్లో ఎయ్యండప్పా. ఫోన్ ఏసినోళ్ళకే భోజనం!"

"ఇదేం పద్ధతప్పా?" అన్నాను.

"శుభకార్యం గదా, అందరివీ శుద్ధి చేసిస్తా."

చుట్టాలు మొదట నవ్వారు, తరవాత గొణిగారు, ఆఖరికి తిట్టారు. వాడు వింటేనా? అందరి ఫోన్లూ గుంజుకుని, స్టోరు రూములోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. కొత్త ఇంట్లో ఒక్క సెల్ఫీ లేదు. పక్కింటి కిరాణా హోల్‌సేల్ వ్యాపారి రాఘవేంద్రప్రసాద్‌కు మార్కెట్ నుంచి ముఖ్యమైన కాల్ రావాలట, కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరిగాడు. మా తోడల్లుడు తినకుండానే లేచిపోయాడు. మా అత్త ఉరుకుందమ్మ, "ఈ మనిషిని ఎవురు పిలిచినారు?" అని నన్నే నిలదీసింది. మామ ఎక్కడా అని చూస్తే ఆయనా కనపడలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. వీరభద్ర బేసిన్‌తో బయటికి వచ్చాడు. వాడి వెనకాల మామ! నిండు పందిట్లో, నా చుట్టాల ముందర, ఆయన వీరభద్ర భుజం మీద చెయ్యివేసి అన్నాడు:

"పోలీసంటే ఈయప్ప, వీరభద్రప్ప!"

ఓళిగ నా గొంతులోనే ఆగిపోయింది. భువన నీళ్ళు తాగించింది. నీళ్ళు దిగాయి గానీ ఆ మాట దిగలేదు.

ఆ తరవాత మామ నోరు తెరిస్తే వీరభద్ర జపమే. నేను ఉడికిపోయాను. ఇంతలో రాఘవేంద్రప్రసాద్ ఎగదోశాడు: "ఊరకుంటావేమప్పా? జనాల ఫోన్లు బలవంతంగా గుంజుకునేదానికి వానికేం హక్కుండాది? పైకి ఫిర్యాదు ఇయ్యి, నేను సాక్షి చెప్తా." అప్పుడే వీరభద్ర పేరు సీఐ ప్రమోషన్‌కు వెళ్ళిందని విన్నాను. ఫిర్యాదు పడితే ఆ ప్రమోషన్ ఆగుతుంది. ఇంత మంచి ముహూర్తం మళ్ళీ దొరకదనిపించింది. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బడిలో కూడా అంత శ్రద్ధగా రాసి ఎరగను. "బలవంతంగా" అన్న మాట కింద గీత గీస్తుంటే మామ వచ్చి చూశాడు.

"ఏం రాస్తాండావు అల్లుడా?"

చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"రాయొద్దప్పా. ఆ పొద్దు జరిగినాది వేరే."

"ఏం జరిగినాది మామా?"

"నాకు వీడియో ఫోన్ వచ్చె. దాంట్లో ఒక సారు. ఖాకీ బట్టలు, భుజాన నక్షత్రాలు, వెనక జెండా. నా పేరు మీద ఏందో పార్శిలు దొరికినాదంట, నన్ను ఫోన్లోనే అరెస్టు చేసినారంట. గది దాటకూడదు, ఎవురికీ చెప్పకూడదు అనె."

"నువ్వు నమ్మినావా?"

"నమ్మేదేముందప్పా! నక్షత్రాలు కనపడంగానే కాళ్ళు వాటంతట అవే అటెన్షన్‌కు వచ్చె. స్టోరు రూములో బియ్యం మూటల నడుమ నిలబడి సెల్యూట్ కొడితి. కూర్చో పుల్లయ్యా అని వాడే అనె. ఆఫీసరు ముందర ఎట్ల కూర్చుంటా?"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. మామ ముఖం చూసి మింగాను. ఎంత గొప్ప దొంగనైనా చూపుతో ఒణికించిన మనిషి, పంచె కట్టుకుని, బియ్యం మూటలకు తోడుగా ఒక దొంగకు సెల్యూట్ కొట్టాడు. సర్వీసంతా నేర్చుకున్న క్రమశిక్షణే ఆయన్ను పట్టిచ్చింది.

"పెన్షన్ ఖాతా సంగతంతా అడిగె. చెప్తాండా, వీరభద్ర లోపలికొచ్చె, ఎవురి ఫోనన్నా దొరుకుతాదేమోనని. నన్ను జూసి, ఫోన్ గుంజుకొని, ‘మీది ఏ బ్యాచ్ సార్?’ అని అడిగె. వాడు నీళ్ళు నమిలె. ‘అది పోనీ, నీ ఫోన్‌కయినా రెండో తాళం పెట్టుకున్నావా?’ అనె. వాడు కట్ చేసి పారిపోయె!"

"మరి అందరి ఫోన్లూ ఎందుకు గుంజుకున్నాడు?"

"ఖాతా ఆపించల్ల, నా ఫోన్లో వాళ్ళు దూర్చిందంతా తీసెయ్యల్ల. దానికి శానాసేపు పట్టె. నా ఒక్కని ఫోన్ పట్టుకోని కూచుంటే నలుగురూ ఏమయినాదని అడగరా? అందరివీ గుంజుకుంటే వాని పిచ్చి అనుకుంటారు. అందుకు."

పెళ్ళి పందిరిలో, ఆటోలో, మీటింగ్‌లో వాడు చాపిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఎవరి పరువు కోసం ఎవరెవరి ఫోన్లు తీసుకున్నాడో, వాడు చెప్పడు.

"నన్ను పిలవొచ్చు గదా మామా? నేను బయటనే ఉంటిని గదా?"

మామ పంచె అంచు సర్దుకున్నాడు. "పిలువమనే అంటి. వాడే వద్దనె."

"ఏమన్నాడు?"

"‘శేషన్నకు గొప్పగా చెప్పుకునేదానికి నువ్వొక్కనివే ఉండావు పెద్దాయనా. వాని ముందర నువ్వు తల వంచుకుంటే, వానికి ఇంగేముంటాది?’ అనె."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు ఏముందో, ఏం లేదో లెక్కకట్టడానికి వీడెవడు? అంత మంటా లేచి, లేచినంత వేగంగా చల్లారింది. ఇన్నాళ్ళూ వాడి చదువు చూసి ఏడ్చాను, పదవి చూసి ఏడ్చాను. ఇప్పుడు వాడి మంచితనం చూసి కూడా ఏడవాలి. ఒక మనిషి ఎన్నిటికని కుళ్ళుకోగలడు? కాగితం చించి పొయ్యిలో పడేసి, మామకు కాఫీ కలపమని భువనకు చెప్పాను.

మర్నాడు పొద్దున స్టేషన్ ఎదురుగా ఓబుళేశు టీ అంగట్లో వీరభద్ర బన్ను ముంచుకు తింటున్నాడు. నేను పక్కన కూర్చోగానే రాఘవేంద్రప్రసాద్ స్కూటర్ దిగాడు.

"ఏమప్పా శేషన్నా, ఫిర్యాదు ఇస్తానంటివే?"

అంగట్లో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. థాంక్స్ చెబుదామని వచ్చిన నోటితో ఏం చెప్పను?

"ఈ పనికిమాలినోని మీద ఫిర్యాదొకటా?" అన్నాను. "నా ఇంటి శుభకార్యం చెడగొట్టినాడు. ఇట్లాంటోణ్ణి ఇంగ నా వాకిలి తొక్కనిస్తే చూడు!"

రాఘవేంద్రప్రసాద్ తృప్తిగా తల ఊపి టీ అందుకున్నాడు. వీరభద్ర కూడా తప్పు చేసినవాడిలా తల ఊపాడు. తరవాత నా వైపు వంగి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"ఇంగొంచెం గట్టిగా తిట్టప్పా. పెద్దాయన చెవిన పడితే, గుట్టు దాగినాదని నిమ్మళంగా నిద్రపోతాడు."

గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ వీణ్ణి తిట్టడానికి మాటలు వాటంతట అవే వచ్చేవి, ఆ రోజు నుంచి ఒక్కొక్కటీ వెతుక్కోవాల్సి వస్తోంది.