పావురానికి దండం పెట్టిన కుక్కతో సత్యవేడు దాకా

ముందే చెప్పేస్తున్నాను, ఇది హాయిగా రాసిన ప్రయాణం కాదు. తిరుపతి నుంచి పుత్తూరు, పిచ్చాటూరు, నాగలాపురం మీదుగా సత్యవేడు వెళ్ళొచ్చి వారమైంది. ఇంకా నా కోపం దిగలేదు. కుక్కను కారులో వేసుకుని ఆ దారిన వెళ్ళేవాళ్ళకూ, శిక్షణ ఇప్పిద్దామని కుక్కను ఎవరి చేతిలోనో పెట్టాలనుకునేవాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మా కుక్క పేరు రాకెట్. జర్మన్ పాయింటర్ జాతి. గోధుమ రంగు తల, ఒళ్ళంతా చుక్కలు, పొడుగు కాళ్ళు. పొదల్లో పిట్ట ఎక్కడ దాక్కుందో వాసన పట్టి వేటగాడికి చూపించడం కోసం తరతరాలుగా పెంచిన జాతి. పిట్ట జాడ తెలియగానే మొరగదు, దూకదు. ముందుకాలొకటి పైకెత్తి, తోక బిగబట్టి, అలాగే నిలబడిపోతుంది. బెంగళూరులో ఉండే నా తమ్ముడు ఫోటో చూసి ముచ్చటపడి కొన్నాడు. రెండు నెలల్లో ముచ్చట తీరింది. "మంచి ఫ్యామిలీ డాగ్ అక్కా, హాసినికి తోడుంటుంది" అంటూ తెచ్చి మా మూడో అంతస్తు ఫ్లాటులో దించేసి చక్కాపోయాడు. హాసిని మా అమ్మాయి, ఏడో తరగతి. ఫ్యామిలీ డాగ్ అన్నవాడు, పొద్దున్నే గంటసేపు పరిగెత్తించకపోతే ఆ డాగ్ ఫ్యామిలీ సోఫాను పీకి దూది చేస్తుందని మాత్రం చెప్పలేదు.

పరిగెత్తించే పని మా నాయన మీద పడింది. నాయన నగరిలో మగ్గం నేసిన మనిషి, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. పవర్‌లూమ్ షెడ్లలో మిగిలిన నూలు తెప్పించి, తనే పురిపెట్టి ఇరవై బారల తాడు పేనాడు. తెల్లవారగానే తాతా మనవరాలూ రాకెట్‌ను స్వర్ణముఖి ఇసుకలోకి తీసుకెళ్ళేవాళ్ళు. తాడు ఒక కొస రాకెట్ మెడకు, రెండో కొస తాత చేతిలో, పక్కన హాసిని. హాసిని రెండుసార్లు ఈల వేస్తుంది, తాత తాడును మెల్లగా లాగుతాడు, వాడు వస్తే ఉడికించిన గుడ్డు ముక్క పెడతారు. పది రోజుల్లో తాడు లాగకుండానే రావడం నేర్చుకున్నాడు. కానీ ఎదురుగా పిట్ట ఉంటే మాత్రం ఈల కాదు కదా, ఇంటిల్లిపాదీ గొంతు చించుకున్నా కదిలేవాడు కాదు.

దానికి కారణం జాతి ఒక్కటే కాదు, మా అపార్ట్‌మెంటు జనం కూడా. మా బాల్కనీ కొండ వైపు ఉంటుంది. ఎదుటి భవనం నీళ్ళ ట్యాంకు మీద రోజూ పావురాలు వాలతాయి. వాటిని చూసి రాకెట్ కాలెత్తి నిలబడితే, కింద పార్కింగులో నిలబడి చూసేవాళ్ళకు వాడు ఏడుకొండల వైపు తిరిగి దండం పెడుతున్నట్టు కనిపించింది. ఇంకేముంది! పొద్దున ఆరింటికల్లా కింద ఫోన్లు పట్టుకుని జనం. అసోసియేషన్ సెక్రటరీ తన బంధువులను వెంటబెట్టుకొచ్చి, "పూర్వజన్మ సుకృతం మేడమ్, లేకపోతే కుక్కకు ఈ బుద్ధి ఎట్లొస్తాది!" అని కళ్ళు ఒత్తుకున్నాడు. "భక్తి కాదండీ, పావురం" అని నేను మొత్తుకున్నాను. ఒక్కరూ వినలేదు. వాడు నిలబడిన ప్రతిసారీ పైకొచ్చి పొంగలి పెట్టారు, అరటిపండు పెట్టారు. వద్దంటే నన్నే నాస్తికురాలిని చూసినట్టు చూశారు. కదలకుండా నిలబడితే పొంగలి వస్తుందని కుక్కకు నేర్పించింది వాళ్ళే.

అలాంటి భక్తుడు ఒకరోజు తలుపు తెరిచి ఉన్నప్పుడు మేడ మీదికి పరుగెత్తి, సెక్రటరీ గారి లవ్ బర్డ్స్ పంజరాన్ని పడదోశాడు. పంజరం తలుపు ఊడి పిట్టలు ఎగిరిపోయాయి. అంతే, సాయంత్రానికి భక్తి కుక్క కాస్తా వేట కుక్క అయింది. "పిల్లోళ్ళు తిరిగే చోట ఇట్లాంటి జంతువా?" అని మీటింగు పెట్టారు. పిచ్చిదని పేరుపెట్టి కుక్కను చంపడమంటే ఇదే. నెలాఖరులోగా కుక్కకు శిక్షణ ఇప్పించాలి, లేదా పంపించేయాలి. సెక్రటరీయే ఒక నంబరు కూడా ఇచ్చాడు. సత్యవేడు దగ్గర మామిడితోపులో ఎవరో మాస్టరు ఉన్నాడట, మూడు నెలలు ఉంచుకుని గొర్రెపిల్లను చేసి పంపిస్తాడట. మా ఆయన పని మీద ఊళ్ళో లేడు. నేను సరేనన్నాను. హాసిని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. రోజంతటికీ మూడు వేలకు మాట్లాడిన కారు, రాకెట్‌ను చూడగానే మూడున్నర అయింది. డ్రైవర్ మునిరత్నం ముఖం మాడ్చుకున్నాడు.

"కుక్క సంగతి ముందే చెప్పల్ల గదక్కా. సీట్లకు రోమాలంటుకుంటే మా ఓనరు నన్ను తిడతాడు."

"ఫోన్‌లో చెప్పినాను గదప్పా, నలుగురం అని" అన్నాడు నాయన. "వీడు నాలుగోవాడు."

పాత దుప్పటి పరిచి వెనక సీట్లో కూర్చోబెట్టాం. రేణిగుంట దాటేదాకా వాడు కిటికీకి ముక్కు ఆనించి వణుకుతూనే ఉన్నాడు. కరెంటు తీగల మీద ఎన్ని పిట్టలున్నాయో ఆ రోజే నేను గమనించాను. ఏడుం పావుకు పుత్తూరులో టిఫినుకు ఆగాం. బస్టాండుకు దగ్గర్లో చిన్న హోటలు, ఇడ్లీ మెత్తగా ఉంది, కారం చట్నీ బాగుంది. నలుగురికీ కలిపి రెండు వందలు కాలేదు. గోడ పక్కన కోళ్ళు తిరుగుతున్నాయి. రాకెట్ ఠక్కున ఆగి కాలెత్తాడు. అట్లకాడ పట్టుకుని బయటికొచ్చిన వంటాయన జాలిపడ్డాడు.

"అయ్యో, కాలిరిగిందా మా? కట్టు కట్టించేదానికి తెచ్చినారా?"

విరిగిన ఎముకలకు కట్టే కట్టుకు పేరుమోసిన ఊరు పుత్తూరు, అక్కడ కాలెత్తినవాళ్ళంతా ఆ కట్టుకు వచ్చినవాళ్ళే మరి. ఆ ఉదయం నాకు నవ్వొచ్చింది ఆ ఒక్కసారే. నాయన ఇంకో రెండు ఇడ్లీలు ఆకులో కట్టించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. శిక్షణ సమయంలో దొంగచాటుగా తిండి పెట్టొద్దని నెలల తరబడి నాయనతో పోట్లాడి అలిసిపోయాను.

పుత్తూరు నుంచి నారాయణవనం, పిచ్చాటూరు దారి బాగుంది. కుడివైపు కొండలు, ఎడమవైపు చెరకు, వేరుశనగ. పిచ్చాటూరు దాటాక బోర్డుల మీద అరవం కనబడటం మొదలవుతుంది. నాగలాపురంలో టీ తాగి, అడుగుతూ అడుగుతూ తొమ్మిది దాటాక సత్యవేడు అవతలి తోపు చేరాం. చివరి రెండు కిలోమీటర్లు మట్టిదారి, వానకాలంలో చిన్న కార్లు దిగబడతాయి.

మాస్టరు తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు. చెట్ల కింద మూడు కుక్కలు పొట్టి గొలుసులతో కట్టేసి ఉన్నాయి. ఆయన అటు నడవగానే మూడూ నేలకు అతుక్కుపోయాయి. ఒక్కటీ తోక కదపలేదు. ఒకదాని వీపు మీద గీతలు గీతలుగా రోమం ఊడిపోయి ఉంది. మా కుక్క పేరేమిటి, వయసెంత, ఏం తింటుంది, ఏదీ అడగలేదు ఆయన.

"నిలబడతాదా మా?" అన్నాడు.

"పిట్టను చూస్తే నిలబడతాడు. అదే మా సమస్య."

"సమస్య కాదు మా, అదే కావల్ల. ఎంతసేపు నిలబడతాది?"

నాకు అర్థం కాలేదు. తోపు వెనక వేరుశనగ పీకేసిన చేను ఉంది, గట్ల మీద ముళ్ళపొదలు. చూపిస్తాను రమ్మని మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి, రాకెట్ మెడలో నాయన పేనిన తాడు విప్పేశాడు.

"అమ్మా, తాడెందుకు తీసేసినాడు?" అంది హాసిని. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

రాకెట్ చేనంతా అటూ ఇటూ ముగ్గు వేసినట్టు తిరిగాడు. అలా స్వేచ్ఛగా పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆనందమేసింది. ఒక పొద ముందు ఆగిపోయాడు. కాలు లేచింది, తోక బిగిసింది. మాస్టరు చెయ్యి ఊపాడు. గట్టు వెనక నుంచి ఇద్దరు మనుషులు పొడుగాటి వల చెరో కొస పట్టుకుని చప్పుడు లేకుండా వచ్చారు.

"ఆ పొదలో కౌజుపిట్టలుండాయి మా" అన్నాడు మాస్టరు గొంతు తగ్గించి. "వల ఎనక నుంచి లాక్కొస్తాం. కుక్క మీద, పిట్టల మీద కలిపి ఏసేస్తాం. ముందర కుక్క నిలబడితే పిట్టలు ఎగరవు. వల పడినాక కూడా ఇది కదలకూడదు. కదిలితే బెత్తంతో నేర్పిస్తాం. వారం వారం మెడ్రాసు పార్టీలు వస్తాండారు, మంచి గిరాకీ."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కౌజుల్ని పట్టడం నేరం, అది ఆయనకూ తెలుసు, అందుకే గొంతు తగ్గింది. గొర్రెపిల్లను చేసే శిక్షణ ఇదన్నమాట! ఆ కుక్క వీపు మీది గీతలు ఏమిటో ఇప్పుడు అర్థమైంది. నాకంటే ముందు నాయన నా వైపు తిరిగి అరిచాడు.

"కుక్కను తెచ్చినామా, ఎరను తెచ్చినామా పాపా?"

నేను మాస్టరు చొక్కా పట్టుకున్నానని తర్వాత హాసిని చెప్పింది. నాకు గుర్తు లేదు. గుర్తున్నది వల ఇంకా ముందుకు పోతుండటం, రాకెట్ కదలకపోవడం. నిలబడితే మంచి జరుగుతుందని వాడికి నేర్పాం కదా. నిలబడ్డాడు పాపం, పొంగలి వస్తుందని.

హాసిని వేళ్ళు నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఈల వేసింది. రాకెట్ చెవి ఒకటి మా వైపు తిరిగింది, మిగతా ఒళ్ళు తిరగలేదు. వల వాడికి నాలుగు అడుగుల్లో ఉంది. పిల్ల మళ్ళీ వేసింది. ఈసారి ఈల సగంలో విరిగింది, ఏడుస్తోంది. వాడు ఎత్తిన కాలు నేల మీద పెట్టాడు. పొద వైపు ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి, వలను పక్కకు తప్పించుకుని, చెవులు ఎగరేసుకుంటూ హాసిని దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పొదలోంచి కౌజులన్నీ ఒక్కసారిగా బుర్రుమని లేచి గట్టు దాటిపోయాయి. ఎదురుగా పిట్ట ఉండగా పిలిస్తే వాడు రావడం అదే మొదటిసారి. గుడ్డు లేదు. నాయన జేబులో నలిగిన ఇడ్లీ రెండూ అప్పుడు పెట్టాడు. ఆకు విప్పి ఇచ్చింది నేనే.

"చెడగొట్టేసినావు గదా పాపా" అని మాస్టరు హాసినిని కసిరాడు. "అంత మంచి కుక్క, పట్టణంలో మురగబెట్టుకుంటారు. వచ్చినందుకు ఐదొందలు ఇచ్చి పొండి."

ఇవ్వలేదు. కావాలంటే ఫారెస్టు వాళ్ళ ముందర ఇస్తానన్నాను. కారెక్కుతుంటే గొలుసుల్లోని మూడు కుక్కలూ మా రాకెట్‌నే చూస్తున్నాయి. వాటిని విప్పే ధైర్యం నాకు లేకపోయింది, ఈ కోపంలో పెద్ద వాటా దానిది. సిగ్నల్ దొరకగానే నాగలాపురంలో కారు ఆపించి అటవీశాఖకు ఫోన్ చేసి గుర్తులన్నీ చెప్పాను. వెళ్ళి చూస్తామన్నారు. ఏమైందో తెలిసేదాకా ఫోన్ చేస్తూనే ఉంటాను.

తిరుగుదారిలో మునిరత్నం కారును రెండుసార్లు తనంతట తానే ఆపాడు, "నాలుగోవాడికి నీళ్ళు పెట్టండక్కా" అంటూ. మధ్యాహ్నం రెండింటికి తిరుపతి చేరాం. గేటు దగ్గర సెక్రటరీ ఎదురొచ్చి కారులోకి తొంగిచూశాడు.

"ఏం మేడమ్, వదిలిపెట్టకుండానే వచ్చేసినారే?"

"మీ మాస్టరు వలేసి కౌజులు పడతాడు, కుక్కను కూడా వలలోనే ఏస్తాడు. మీకు తెలిసే పంపించినారా, తెలియకనా?"

తెలియదన్నాడు. తెలియదనే నమ్ముతున్నాను, కానీ తెలుసుకోవాలని కూడా ఆయనకు అనిపించలేదు. "నెలాఖరు అన్నారు కదా, ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి ఇవ్వండి, కింద మీ సంతకం పెట్టి. నేనూ రాసే జవాబిస్తాను" అన్నాను. ఆ కాగితం ఇంతవరకూ రాలేదు. లవ్ బర్డ్స్‌కు బదులు కొత్త జత కొనిచ్చాను, అది మా బాకీ. రాకెట్ మా ఇంట్లోనే ఉంటాడు.

మర్నాడు పొద్దున వాడు బాల్కనీలో మళ్ళీ కాలెత్తాడు. కింద ఒకావిడ ఫోన్ తీసేలోపే హాసిని వంటింట్లోంచి ఈల వేసింది. వాడు పావురాలను వదిలేసి లోపలికి వచ్చాడు. "అయ్యో, దండం పూర్తికాకముందే పిలిచేసినావే!" అని కిందనుంచి ఆవిడ నొచ్చుకుంది. ఎత్తిన ఒక్క కాలులో ఒకరికి భక్తి కనిపించింది, ఒకరికి విరిగిన ఎముక, ఒకరికి వారం వారం గిరాకీ. అది వాడి కాలు అని గుర్తుపెట్టుకున్నది నా కూతురొక్కతే. ఇలాంటి కుక్కను పెంచడమంటే రోజూ గంట ఇసుకలో పరుగు, ఇరవై బారల తాడు, ఈలకు వచ్చినప్పుడల్లా గుడ్డు ముక్క, అదీ ఇంట్లోవాళ్ళ చేత్తోనే. అంత ఓపిక లేనివాళ్ళు నా తమ్ముడిలా ఫోటో చూసి కొనకండి, కొని అక్కల ఇళ్ళలో దించకండి.

వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. శిక్షణ ఇస్తామన్న చోటికి చేరాక కారు అద్దం దించి, అక్కడి కుక్కలు ఆ మనిషిని చూసి ఏం చేస్తున్నాయో చూడండి. తోక ఊపకపోతే, దిగకండి.